యాసంగి వరిలో తాలు ఎందుకు పెరిగింది? భూమి వేడెక్కితే తప్పు వరి పొలానిదేనా?

ప్రశ్న: బోరు కింద నాలుగు ఎకరాల్లో యాసంగిలో (చలికాలంలో వేసే రెండో పంట) 1010 రకం వరి వేశాను. డిసెంబరు చివర్లో నారు పోశాను, ఏప్రిల్ మొదటి వారంలో ఈనింది, అంటే కంకి వేసింది. తాలు (లోపల గింజ లేని పొల్లు) బాగా వచ్చింది. మిల్లు వాళ్లేమో నూక ఎక్కువంటున్నారు. భూమి వేడెక్కడం వల్లే ఇలా అవుతోందని, దానికి వరి పొలాలు కూడా కారణమని టీవీలో చెప్తున్నారు. కార్లు, ఫ్యాక్టరీలు వదిలేసి మామీద పడితే ఎట్లా? కోత తర్వాత మిగిలే కొయ్యకాళ్లు కూడా కాల్చొద్దంటున్నారు. మేం చేయాల్సింది ఏమైనా ఉంటే చెప్పండి.
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: తాలు కనబడగానే ఎండదే తప్పని తేల్చేయలేం. కంకి మొత్తం తెల్లబడి, పట్టుకుని లాగితే సులువుగా ఊడి వచ్చిందంటే అది కాండం తొలుచు పురుగు పని. కంకి మెడ దగ్గర నల్లబడి విరిగితే మెడవిరుపు తెగులు. ఈ రెండూ లేకుండా కంకి పచ్చగానే ఉండి, గింజలు మాత్రం అక్కడక్కడా పాలు పోసుకోక ఖాళీగా మిగిలి, బరువు లేక కంకి వంగకుండా నిలబడిందా? అలాగైతే వేడినే అనుమానించాలి. మీరు చెప్పిన తేదీలను బట్టి నాకు అదే అనిపిస్తోంది.

వరి పువ్వు పొద్దున తొమ్మిది, పన్నెండు గంటల మధ్య విచ్చుకుంటుంది. విచ్చుకుని ఉండేది ఒక గంట, అటూ ఇటూగా. ఆ కాస్త సమయంలో వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి సరిగా రాలదు, రాలినా మొలకెత్తదు. ఆ గింజ తాలుగానే మిగులుతుంది. మన దగ్గర ఏప్రిల్‌లో పదకొండు గంటల ఎండ ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

పగటి ఎండ సంగతి అందరికీ తెలిసిందే. రాత్రి వేడిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మొక్క పగలు తయారు చేసుకున్న పిండి పదార్థంలో కొంత రాత్రి శ్వాసకే ఖర్చు చేస్తుంది. రాత్రి చల్లబడకపోతే ఆ ఖర్చు పెరిగి గింజకు చేరేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తమ పొలాల లెక్కలు చూసి 2004లో ఒక విషయం ప్రకటించింది. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దిగుబడి సుమారు 10 శాతం పడిపోతోందట. గింజ గట్టిపడే రోజుల్లో వేడి ఎక్కువైతే లోపల పగుళ్లు వస్తాయి, మిల్లులో అదే నూక. మన యాసంగి ధాన్యాన్ని ఎక్కువగా బాయిల్డ్ బియ్యానికి పంపేది అందుకే.

ఇక మీ కోపం సంగతి. అందులో న్యాయం ఉంది. భూమి వేడెక్కడానికి అసలు కారణం బొగ్గు, పెట్రోలు, డీజిల్, గ్యాస్ మండించడమే. ఫ్యాక్టరీలు పెరగకముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. దాన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది మీ నాలుగు ఎకరాలు కాదు. కానీ వరికి అసలు వాటా లేదని కూడా నేను చెప్పలేను. మడిలో నీళ్లు నిలబడితే మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డిని తిని మీథేన్ వదులుతాయి. అది వరి మొక్క కాండంలోంచే పొగగొట్టంలోంచి పోయినట్టు పైకి పోతుంది. వందేళ్ల లెక్కలో చూస్తే కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. మనుషుల పనుల వల్ల వెలువడే మీథేన్‌లో వరి పొలాల వాటా 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. టీవీ వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, మిగతా 90 శాతం గురించి కూడా అంతే గట్టిగా చెప్తే బాగుండేది.

మీరు చేయగలిగినదాంట్లో మీకే లాభం ఉన్న పని ఒకటి ఉంది. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలపకుండా తడి ఇచ్చి ఆరనిచ్చే పద్ధతి అది. నాలుగు అంగుళాల పీవీసీ పైపును అడుగు పొడవు ముక్కగా కోసి, కింది సగానికి చుట్టూ రంధ్రాలు చేయండి. ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. నాటిన మొదటి రెండు వారాలు మామూలుగానే నీళ్లు ఉంచండి, లేకపోతే కలుపు ముంచేస్తుంది. తర్వాత పైపులో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మోటారు వేయండి. పైన మట్టి నెర్రె వారినట్టు కనిపిస్తే రైతుకు టెన్షన్ వస్తుంది, నాకు తెలుసు. కానీ వేళ్లకు కింద నీళ్లు అందుతూనే ఉంటాయి. ఈనడానికి వారం ముందు నుంచి ఈనిన వారం తర్వాత దాకా మాత్రం ఆరబెట్టకండి. అప్పుడు ఐదు సెంటీమీటర్ల నీళ్లు ఉండాలి, దానివల్ల చేను కాస్త చల్లగా కూడా ఉంటుంది. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు.

దీనివల్ల నీళ్లు 30 శాతం దాకా మిగులుతాయి, మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. ఐదు హెచ్‌పీ మోటారు గంట నడిస్తే దాదాపు నాలుగు యూనిట్ల కరెంటు. మన దేశంలో ఒక యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అంటే గంటకు మూడు కిలోలకు కాస్త తక్కువ. కరెంటు ఉచితమే కదా అనుకుంటాం గానీ, బోరులో నీళ్లు ఉచితం కాదు, కాలిన మోటారు వైండింగూ ఉచితం కాదు. యూరియా మాత్రం నీళ్లు తీసేసి బురద పదును మీద విడతలుగా వేయండి, ఒకటి రెండు రోజుల్లో తిరిగి తడి పెట్టండి. అవసరానికి మించి వేసిన నత్రజనిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. అది మీథేన్ కంటే కూడా ఎన్నో రెట్లు ఘాటైన వాయువు.

కొయ్యకాళ్ల విషయానికి వస్తే, టన్ను వరి గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం గాలిలో కలుస్తుంది. యాసంగి కోత తర్వాత మీకు జూన్ దాకా టైమ్ ఉంటుంది. కాబట్టి వేసవి వానలు పడగానే పొడి దుక్కిలోనే కలియదున్నండి, ఎకరాకు ఒక బస్తా సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే త్వరగా చివుకుతుంది. పచ్చి గడ్డిని నీళ్ల మడిలో తొక్కించి వెంటనే నాట్లు వేయకండి, అలా చేస్తే మీథేన్ ఇంకా పెరుగుతుంది. వానాకాలం కోత తర్వాత వ్యవధి తక్కువని, అప్పుడు ఇదంతా కుదరదని నాకూ తెలుసు. ఊళ్లోకి బేలర్ వస్తే కట్టలు కట్టించండి, పశువులున్నవాళ్లు కొంటారు.

అన్నిటికంటే ముఖ్యంగా మార్చుకోవాల్సింది మీ నారు తేదీ. 1010 లాంటి 120 రోజుల రకాన్ని నవంబరు 20 తర్వాత మొదలుపెట్టి నెలాఖరులోగా పోసేయండి. చలికి కొంత ఆలస్యమైనా మార్చి మధ్యకల్లా ఈనుతుంది, ఏప్రిల్ ఎండ తప్పుతుంది. కోత కూడా ముందే వస్తుంది కాబట్టి వడగళ్ల భయం కొంత తగ్గుతుంది. 2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో వడగళ్లు ఎంత నష్టం చేశాయో చూశారుగా. చలి రాత్రుల్లో నారుమడి మీద యూరియా సంచులతో కుట్టిన పట్టా కప్పి, పొద్దున తీసేయండి. పూత సమయంలో మందు కొట్టాల్సి వస్తే పొద్దున వద్దు, సాయంత్రం కొట్టండి.

పట్నంలో ఉన్న మీ పిల్లలకు, చుట్టాలకు కూడా ఒక మాట చెప్పండి. 2022లో ప్రపంచం మొత్తం మీద ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో వంద కోట్ల టన్నులకు పైగా తిండి వృథా అయింది. పెళ్లి విందులో పారేసే ప్రతి గుప్పెడు అన్నం వెనుక మీ మోటారు నడిచిన కరెంటు, మీ మడి వదిలిన మీథేన్ ఉన్నాయి. ఏసీని 18లో కాకుండా 26లో పెట్టుకోమని కూడా చెప్పండి.

వచ్చే యాసంగిలో నాలుగు ఎకరాలకూ ఒకేసారి వద్దు. ఒక ఎకరంలో పైపులు పెట్టి, మిగతా మూడు ఎకరాలు ఎప్పటిలాగే చేయండి. రెండు చోట్లా మోటారు ఎన్ని గంటలు నడిచిందో, ఏ రోజు ఈనిందో, ఎకరాకు ఎన్ని బస్తాలు వచ్చాయో ఒక నోటుబుక్కులో రాసిపెట్టి, కోత అయ్యాక మళ్లీ రాయండి. తాలు కంకులు ఓ పది కోసి, పాలిథిన్‌లో కాకుండా పేపర్లో చుట్టి మీ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించండి.