ఆఫ్ టాపిక్ ప్రశ్నతో వచ్చిన కొత్త సభ్యుడికి ఏం చెప్పాలి?

మీరు అడిగింది ఇదీ: మీ ఆన్‌లైన్ గ్రూపులో కొత్తగా చేరినవాళ్లు విషయానికి సంబంధం లేని (ఆఫ్ టాపిక్) ప్రశ్నలు వేస్తున్నారు. పాత సభ్యుల్లో కొందరు "తెలిసినప్పుడు జవాబు చెబితే ఏం పోయింది" అంటున్నారు. ఇంకొందరు "చూసిన వెంటనే తీసెయ్యాలి, లేకపోతే గ్రూపు సంత అయిపోతుంది" అంటున్నారు. అడ్మిన్‌గా మీరు ఎటువైపు ఉండాలి?

ఫొటోగ్రఫీ మీద ప్రశ్నలూ జవాబులూ నడిచే ఒక కమ్యూనిటీలో కొన్నేళ్లు మోడరేటర్‌గా ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను. మూసెయ్యాలా వద్దా, అంటే ఆ ప్రశ్నకి ఇక జవాబులు రాకుండా ఆపెయ్యాలా వద్దా అన్న దగ్గర నాకు పెద్ద సందేహం లేదండీ. మూసెయ్యాల్సిందే, అదీ త్వరగా. కొత్త మనిషి నొచ్చుకునేది ప్రశ్న మూసినందుకు కాదు, పోస్ట్ పెట్టడానికీ మూయడానికీ మధ్య గడిచే కాసేపట్లో జరిగే తంతుకి. ఒకాయన "ఇది ఆఫ్ టాపిక్" అంటాడు. ఇంకొకాయన "రూల్స్ చదివారా?" అంటాడు. మూడో ఆయన పిన్ చేసిన పోస్ట్ లింకు పడేసి వెళ్లిపోతాడు. నాలుగో ఆయన ఏమీ అనడు, ఈ ముగ్గురికీ లైకులు కొడతాడు. విడివిడిగా చూస్తే ఎవరూ తిట్టలేదు, అన్నీ మర్యాదగానే ఉన్నాయి. కానీ అవతల ఫోన్ పట్టుకున్న మనిషికి వరసగా నోటిఫికేషన్లు మోగుతుంటాయి, ప్రతి దాంట్లోనూ ఒకటే మాట: నువ్వు ఇక్కడ ఉండాల్సినవాడివి కాదు.

అందుకే మేం పెట్టుకున్న మొదటి కట్టుబాటు కొత్తవాళ్లకి కాదు, పాతవాళ్లకి. ఒక ప్రశ్న కింద "సరైన చోటు కాదు" అని ఒక్కరే చెప్పాలి. ముందు చూసినవాళ్లు రాస్తారు, తర్వాత చూసినవాళ్లు రిపోర్ట్ నొక్కి వెళ్లిపోవాలి. అదే మాట రెండోసారి కనిపిస్తే మోడరేటర్ తీసేస్తాడు. మొదట్లో సీనియర్లు గొణుక్కున్నారు, "సాయం చేద్దామని రాస్తే తీసేస్తారా" అని. నిజానికి ఆ రెండో మాట వల్ల సాయం జరిగేది అడిగినవాడికి కాదు. రూల్స్ తనకి తెలుసని నలుగురికీ తెలియాలన్న ముచ్చట తీరుతుంది, అంతే.

ఇక "జవాబు చెబితే ఏం పోయింది" అనేవాళ్ల సంగతి. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఆఫ్ టాపిక్ ప్రశ్న ఇది: "మెమరీ కార్డులో ఫొటోలు పొరపాటున డిలీట్ అయ్యాయి, ఎలా తిరిగి తెచ్చుకోవాలి?" మాది వెలుగు, లెన్సులు, ఎక్స్‌పోజర్ గురించి మాట్లాడుకునే చోటు. డేటా రికవరీ మా పని కాదు. కానీ అడిగేవాళ్లు ఎలాంటి స్థితిలో వస్తారో ఊహించుకోండి. పెళ్లి ఫొటోలు, పోయిన నాన్నగారి చివరి ఫొటోలు. అలాంటి మనిషికి "ఇది మా పరిధి కాదు" అని చెప్పి తలుపేసుకోవడం నావల్ల కాదు.

అక్కడ మేం చేసింది ఇది. "ముందు కార్డుని కెమెరాలోంచి తీసేయండి, దాంట్లో ఇంకొక్క ఫొటో కూడా తీయకండి. రికవరీ చేసిన ఫైళ్లని ఆ కార్డులోకే సేవ్ చేయకండి. మిగతా సాయానికి ఫలానా విభాగంలో అడగండి, అక్కడ కార్డు ఏ రకమో, ఏ కెమెరాలో వాడారో రాయండి." ఇంతే రాసి మూసేసేవాళ్లం. డిలీట్ కొట్టగానే చాలాసార్లు డేటా చెరిగిపోదు, ఆ చోటు ఖాళీ అని మాత్రమే నమోదవుతుంది. దాని మీద కొత్త ఫొటో పడితేనే అసలు నష్టం. కాబట్టి ఆ గంటలో ఆ మనిషికి దక్కాల్సిన మాట అదొక్కటే. మా గీత అక్కడ గీసుకున్నాం: ఈ క్షణంలో నష్టాన్ని ఆపే మాట చెప్తాం, పూర్తి పరిష్కారం చెప్పం. (ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఎవరైనా రాస్తే అక్కడ టాపిక్ లెక్క ఉండదు, మోడరేటర్ వెంటనే అందుకోవాలి. అది వేరే విషయం.)

పూర్తి పరిష్కారం ఎందుకు చెప్పకూడదంటే, తెలియక కాదు. మాలో ఒకరిద్దరికి రికవరీ బాగానే తెలుసు. కానీ వాళ్లు చెప్పింది తప్పైతే పట్టుకునేవాళ్లు మా దగ్గర లేరు. ఎక్స్‌పోజర్ గురించి ఎవరైనా తప్పు రాస్తే పది నిమిషాల్లో ముగ్గురు సరిదిద్దుతారు. రికవరీ గురించి తప్పు రాస్తే ముగ్గురు లైక్ కొడతారు, ఎందుకంటే మాట తీరు నమ్మకంగా ఉంది. ఆ జవాబు అక్కడే ఉండిపోతుంది. ఆర్నెల్ల తర్వాత ఇంకెవరో వెతికి పట్టుకుని, పాటించి, ఉన్న ఫొటోలు కూడా పోగొట్టుకుంటారు. టాపిక్ గీత ఉండాలని నేననేది శుభ్రత కోసం కాదు, జవాబుని సరిచూడగల జనం ఎక్కడున్నారో ప్రశ్న అక్కడికే వెళ్లాలని.

పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త. స్టాక్ ఎక్స్‌ఛేంజ్ అని, ఒక్కో విషయానికి ఒక్కో ప్రశ్నోత్తరాల సైటు ఉన్న కుటుంబం ఉంది. ఆ సైట్లలో ప్రశ్నని ఒక సైటు నుంచి ఇంకో సైటుకి తరలించే వీలుంది. అక్కడి మోడరేటర్ల మధ్య ఎప్పటినుంచో ఉన్న నియమం: చెత్త ప్రశ్నని పక్కింటికి తరలించొద్దు. అరవై రోజులు దాటిన ప్రశ్నని తరలించడానికి అసలు వీలే ఉండదు. మనకి అలాంటి బటన్ లేకపోయినా పద్ధతి అదే. మనం పంపే చోట ఆ ప్రశ్న తీసుకుంటారో లేదో ముందు మనమే చూడాలి. ఒకచోట నుంచి ఇంకోచోటికి, అక్కడి నుంచి మూడోచోటికి తోలిన మనుషుల్ని చూశాను. మూడోచోట వాళ్లు కోపంగా రాస్తారు, అక్కడివాళ్లు "ఈ కొత్తవాళ్లకి మర్యాద లేదు" అంటారు.

ఇదంతా పాత గొడవే. యూజ్‌నెట్ (వెబ్ రాకముందు నుంచీ ఉన్న చర్చా గ్రూపుల వ్యవస్థ) రోజుల్లో ప్రతి సెప్టెంబరులో యూనివర్సిటీల్లో కొత్త విద్యార్థులకి అకౌంట్లు వచ్చేవి. కొన్నాళ్లు గందరగోళం, తర్వాత పాతవాళ్లు చెప్పీ కసిరీ దారిలో పెట్టేవాళ్లు. 1993, 94ల్లో ఏఓఎల్ లాంటి ఇంటర్నెట్ సేవల సంస్థలు తమ చందాదార్లకి యూజ్‌నెట్ తలుపులు తీయడం మొదలుపెట్టాక ఆ సెప్టెంబరు ఇక ముగియలేదని అప్పటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1995లో నెట్ మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం కూడా వచ్చింది. కొత్తవాళ్లు కొద్దిమందే ఉన్నంతకాలం పాతవాళ్ల కసురు పనిచేస్తుంది. లెక్క తిరగబడ్డాక కసిరేవాళ్లకి ఓపిక పోతుంది, కసురు మాత్రం మిగులుతుంది.

స్టాక్ ఎక్స్‌ఛేంజ్ కుటుంబంలోదే, ప్రోగ్రామర్ల ప్రశ్నలకి పెట్టిన స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. 2013లో "క్లోజ్డ్" అన్న మాట గుచ్చుకుంటోందని, మూసిన కొత్తలో దాన్ని "ఆన్ హోల్డ్" అని చూపించారు. తర్వాత మళ్లీ పాత మాటకే వచ్చేశారు. పేరు మార్చినంత మాత్రాన ఎవరి బాధా తగ్గదని నాకు ముందే అనిపించింది. 2018లో కంపెనీయే, తమ సైటు కొత్తవాళ్లని ఆదరించేలా లేదని బాహాటంగా రాసింది. ఆ ఏడాదే కొత్తగా రాసేవాళ్ల పేరు దగ్గర ఒక గుర్తు పెట్టారు, చూసి కాస్త నెమ్మదిగా మాట్లాడతారని. 2024లో వచ్చిన స్టేజింగ్ గ్రౌండ్ మాత్రం నాకు నచ్చింది. కొత్తవాళ్ల ప్రశ్న అందరి ముందుకీ రాకముందే కొందరు చూసి సవరణలు చెప్తారు. అంటే దిద్దడం ఉంటుంది, కానీ నడివీధిలో కాదు. మన చిన్న గ్రూపుల్లో కొత్త సభ్యుల మొదటి పోస్ట్‌ని అప్రూవల్‌లో పెట్టడం దానికి దగ్గరగా ఉంటుంది, అయితే అప్రూవ్ చేసేవాళ్లు పూటలో చూడగలిగితేనే. రెండు రోజులు వేలాడదీస్తే మూసెయ్యడమే మేలు.

వికీపీడియాలో "కొత్తవాళ్లని కరవకండి" అని మార్గదర్శకం ఉంది. 2012లో టీహౌస్ అని కొత్తవాళ్లు అడగడానికే ఒక పేజీ తెరిచారు. ఆంగ్ల వికీపీడియాలో చురుకైన రచయితల సంఖ్య 2007 తర్వాత తగ్గుతూ వచ్చింది. 2013లో వచ్చిన ఒక పరిశోధనా పత్రం దీన్ని పరిశీలించి, మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవాళ్ల మార్పులని వెనక్కి కొట్టెయ్యడం ఒక కారణమని చెప్పింది. వాళ్లవి ఆఫ్ టాపిక్ ప్రశ్నలు కావు, నిజమే. కానీ మొదటి అడుగులోనే తోసేస్తే రెండో అడుగు పడదన్నది రెండుచోట్లా ఒకటే.

మూసేముందు ఒక్కసారి ఆగి చూడాల్సినవి కూడా ఉంటాయి. "ఏ ఎడిటింగ్ యాప్ కొనాలి?" అని ఒకమ్మాయి అడిగింది. కొనుగోలు సలహాలు మా దగ్గర కుదరవు. రిపోర్టులు పడ్డాయి. మా టీములో ఒకావిడ "ఆ యాప్‌తో ఏం చెయ్యాలనుకుంటున్నారు?" అని మాత్రం అడిగింది. రాత్రి ఇంట్లో తీసిన ఫొటోలన్నీ పసుపుగా వస్తున్నాయట, ఆ పసుపు పోగొట్టాలట. అది యాప్ సంగతి కాదు, వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకి తగ్గట్టు కెమెరాని సర్దే సెట్టింగ్) సంగతి. పసుపు వెలుగిచ్చే ఇంటి బల్బు 2700 నుంచి 3000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) ఉంటుంది, పగటి వెలుగు 5500 చుట్టూ. కెమెరా సెట్టింగ్ పగటి వెలుగు మీదే ఉండిపోతే ఫొటో పసుపుగా వస్తుంది. అంటే అచ్చంగా మా టాపిక్కే, పైపెచ్చు మంచి ప్రశ్న. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్-వై ప్రాబ్లెం అంటారు: అసలు ఇబ్బంది ఒకటి, తనకి తోచిన పరిష్కారం గురించి అడిగేది ఇంకొకటి. అయితే ఒక్క ప్రశ్నే అడగాలి. నాలుగు అడిగితే పోలీసు విచారణ అయిపోతుంది.

ఒకే రకం ఆఫ్ టాపిక్ మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం తప్పు వచ్చేవాళ్లది కాదు, మన బోర్డుది. రూల్స్ పేజీ ఎవరూ చదవరు, నేనూ చదవను. మేం ప్రశ్న రాసే పెట్టె పక్కనే రెండు ఉదాహరణలు పెట్టాం, ఇక్కడ కుదిరేదొకటి, కుదరనిదొకటి, కుదరనిది ఎక్కడ అడగాలో కూడా. ఫోన్ల కొనుగోలు ప్రశ్నలు గమనించేంతగా తగ్గాయి. మిగిలినవాటికి వారానికో ఓపెన్ థ్రెడ్ (ఏ ప్రశ్నైనా అడగదగ్గ పోస్ట్) పెట్టాం, రెడిట్‌లో చాలా గ్రూపులు చేసేదే. దీనికి ఒక షరతు ఉంది. ఆ థ్రెడ్‌లో జవాబిచ్చే బాధ్యత ఎవరో ఒకరు వంతులవారీగా తీసుకోవాలి. లేకపోతే అది చెత్తకుండీ అవుతుంది, కొత్తవాళ్లకి అది రెండు రోజుల్లో అర్థమైపోతుంది.

స్పాం పెట్టేవాళ్లు, మూసిన ప్రశ్ననే మాటలు మార్చి మళ్లీ మళ్లీ పెట్టేవాళ్లు ఈ ఓపికకి అర్హులు కారు. వాళ్ల గురించి ఎక్కువ ఆలోచించకండి.

పాత సభ్యుల ఆఫ్ టాపిక్ గురించి మాత్రం ఆలోచించండి. మీ గ్రూపులో సీనియర్లు ఎవరిదో ప్రశ్న కింద క్రికెట్, రాజకీయం మాట్లాడుకుంటూ ఉంటే, కొత్తగా చేరిన మనిషి ముందు చూసేది దాన్నే. చూసి, ఇక్కడ ఏదైనా అడగొచ్చు కాబోలు అనుకుంటాడు. మేం ముందు ఆ కబుర్లని వేరే గదికి పంపాం. ఆ విషయంలో వచ్చినన్ని కోపాలు కొత్తవాళ్ల ప్రశ్నలు మూసినప్పుడు ఎప్పుడూ రాలేదు.

చివరగా, మూసిన తర్వాత కూడా కామెంట్లలోకి దూరి జవాబు చెప్పే మంచి మనుషులు మీ గ్రూపులో కూడా ఉంటారు. మా దగ్గర ఒకాయన ఉండేవాడు, చాలా తెలిసినవాడు. ఆయన కామెంట్లు తీసేస్తే అలిగేవాడు, ఉంచితే పక్కవాళ్లు "ఆయనకో రూలు మాకో రూలా" అనేవాళ్లు. ఓపెన్ థ్రెడ్ ఆయనకే అప్పగించాం. కొన్నాళ్లు బాగా నడిపాడు, తర్వాత మళ్లీ మొదటికొచ్చాడు. దానికి మాకు ఇప్పటికీ మందు దొరకలేదండీ, మీకు దొరికితే ఇక్కడే రాయండి.