ఐదు రోజుల్లో ప్రచురిస్తామనే జర్నల్‌కు పేపర్ పంపవచ్చా?

ప్రశ్న: రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ నాలుగో సంవత్సరంలో ఉన్నాను. రూ. 4,500 చెల్లిస్తే ఐదు రోజుల్లో పేపర్ ప్రచురిస్తామని ఒక అంతర్జాతీయ జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది, దాన్ని జతచేస్తున్నాను. థీసిస్ గడువు దగ్గరపడింది. పంపవచ్చా?

జవాబు: పంపవద్దమ్మా. పోయేది రూ. 4,500 ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పను. ఒకసారి అచ్చయిన ఫలితాలను మంచి జర్నల్ ఏదీ కొత్తవిగా స్వీకరించదు కాబట్టి, నాలుగేళ్లు ల్యాబ్‌లో కష్టపడి రాబట్టిన డేటా ఎవరూ నమ్మని చోట చిక్కుకుపోతుంది.

ఆ మెయిల్‌ను రెండుసార్లు చదివాను. ఇంకా పట్టా చేతికి రాని మిమ్మల్ని ‘ప్రఖ్యాత ఆచార్యులు’ అని సంబోధించారు. రసాయనశాస్త్రంతో పాటు వాణిజ్యం, నర్సింగ్, చరిత్ర పేపర్లను కూడా అదే సంచికకు ఆహ్వానించారు. ఐఎస్ఎస్ఎన్ నంబరును నాణ్యతకు గుర్తుగా చూపారు గానీ, అది పత్రికను గుర్తించే సంఖ్య మాత్రమే. అన్నింటికంటే నన్ను కలవరపెట్టింది ఆ ఐదు రోజుల మాట. మీ రంగంలోని ఇద్దరు ముగ్గురు పరిశోధకులు పేపర్ చదివి, ప్రయోగ పద్ధతిని ప్రశ్నించి, మీరు సవరించి తిరిగి పంపేసరికి సాధారణంగా నెలలు పడుతుంది.

ఈ వ్యాపారం మనకు దూరంగా జరిగేదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన జర్నళ్ల ప్రచురణ సంస్థ ఒమిక్స్ గ్రూపుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. పీర్ రివ్యూ (తోటి పరిశోధకుల పరిశీలన), ఫీజుల విషయంలో ఆ సంస్థ పరిశోధకులను మోసగించిందని తేల్చిన అక్కడి కోర్టు, 5.01 కోట్ల డాలర్లు చెల్లించాలని 2019లో ఆదేశించింది. తెలుగు నేల మీద ఎందరో నిజాయతీగా పరిశోధన చేస్తుండగా మన నగరం పేరు ఇలా వినిపించడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముందుగా మీ విశ్వవిద్యాలయం నిబంధనలు చూడండి. యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి పేపర్ ప్రచురణ తప్పనిసరి అన్న షరతు లేదు, అయితే విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టుకోవచ్చు. నమ్మదగిన జర్నళ్లను సూచించే యూజీసీ కేర్ జాబితాను కూడా 2025లో ఉపసంహరించారు కనుక ‘యూజీసీ ఆమోదితం’ అన్న ముద్రను చూసి నమ్మకండి. జర్నళ్లను ఎంపిక చేసి నమోదు చేసే స్కోపస్ అనే సూచికలో ఉన్నామని చెప్పుకుంటే స్కోపస్ వెబ్‌సైట్‌లోనే వెతకండి. ఫీజు అడిగినంత మాత్రాన జర్నల్ చెడ్డదైపోదు. నిజాయతీగల ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగే) జర్నళ్లూ ఫీజు తీసుకుంటాయి. అయితే చందాలపై నడిచే మంచి జర్నళ్లు చాలావరకు రచయితల నుంచి ఏమీ తీసుకోవు. మీ థీసిస్ చివర ఉన్న ఆధార గ్రంథాల పట్టికలో ఏ జర్నళ్లు పదే పదే కనిపిస్తున్నాయో గుర్తించి, వాటిలో మూడింటిని ఎంచుకుని ఈ వారమే మీ గైడ్‌తో చర్చించండి. పేపర్ పంపాక, ‘పరిశీలనలో ఉంది’ అన్న రసీదు మీ విశ్వవిద్యాలయంలో థీసిస్ సమర్పణకు సరిపోతుందో లేదో పరిశోధన విభాగాన్ని రాతపూర్వకంగా అడగండి.