కార్బన్ టాక్స్ వేస్తే చేలో డీజిల్ పండుతుందా? మా మూడెకరాల జట్రోఫా కథ

"పెట్రోల్ ఎలాగూ అయిపోతుంది కదా, గట్టిగా కార్బన్ టాక్స్ (బొగ్గు, పెట్రోల్ లాంటివి కాల్చితే వచ్చే పొగ మీద పన్ను) వేసేస్తే రైతులు పండించే బయోడీజిల్, ఇథనాల్ వాటంతటవే పైకొస్తాయి కదా" అని ఒకాయన అడిగారు. వాటంతటవి రావండి. మా ఇంట్లో ఒకసారి ఇరవై ఏళ్ళ కిందే చేలో డీజిల్ పండించే పని చేసి చూశాం, నేను పక్కనే ఉండి చూసినోణ్ణి కాబట్టి రాస్తున్నా.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. ఎర్ర గరుసు నేల, వానొస్తే శెనక్కాయ, రాకపోతే అప్పు. 2005లో ఎక్కడ చూసినా జట్రోఫా మాటే, దాని గింజల నూనెతో బయోడీజిల్ చేయొచ్చని. ప్లానింగ్ కమిషన్ వాళ్ళు 2003లోనే రిపోర్ట్ ఇచ్చారు, బీడు భూముల్లో కోటి హెక్టార్లకి పైనే వేయించాలని, రాష్ట్రపతి కలాం గారే స్వయంగా చెప్తున్నారు, ఇంక నమ్మకుండా ఎట్లుంటారు. మా ఊరికి ఒక కంపెనీ వాళ్ళు జీపులో వచ్చి గుడి ముందర మీటింగ్ పెట్టినారు. నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు, మూడో ఏడు నుంచి కాపు, ముప్పై ఏళ్ళు ఆదాయం, గింజ కిలో ఆరు రూపాయలకి మేమే కొంటాం అని. మా అవ్వ ఆ మొక్క ఆకు తుంచి పాలు కారేది చూసి "ఇది అడవాముదం కదరా, కంచెకి పెట్టేది, దీన్ని చేన్లో పెడతారా ఎవురైనా" అనింది. నాయన వినలా. మూడెకరాలు, ఎకరానికి వెయ్యి గుంతలు.

జట్రోఫా నీళ్ళు లేకపోతే చావదు, అది నిజమే. కానీ కాయదు. ఆ సంగతి జీపులో వచ్చినోళ్ళు చెప్పలేదు. ఇంకోటి, గెలలో కాయలన్నీ ఒకేసారి పండవు. ఒకటి పచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి నల్లగా ఎండిపోయి ఉంటాయి, అన్నీ ఒకే గెలలో. అంటే అదే చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు పోయి ఏరాల. 2008 దీపావళి ముందు మా నాయన, అమ్మ, ఇద్దరు కూలోళ్ళు పొద్దంతా ఏరినా ఒక గోతం నిండలేదు. సీజన్ మొత్తానికి రెండున్నర గోతాలు, తొంభై కిలోలు అనుకోండి. ఆరు రూపాయల లెక్కన 540. కూలి డబ్బులే అంతకి మించిపోయినాయి.

సరే ఎంతో కొంత అని ఆటోలో వేసుకుని నాయనా నేనూ టౌన్‌కి పోయినాం, వాళ్ళ కొనుగోలు సెంటర్‌కి. షట్టర్ వేసి ఉంది. పైన బోర్డు అట్లే ఉంది, పచ్చ రంగు ఆకు, పక్కన నూనె చుక్క బొమ్మ. పక్క ఎరువుల షాపాయన "వాళ్ళు పోయి ఆరు నెలలైంది అన్నా" అన్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అక్కడి నుంచి నూనె మిల్లుకి పోయినాం, గింజ చూస్తానే ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు, "ఇది విషం కాయ, దీన్ని ఆడిస్తే మిషన్ మొత్తం కడగాల, రేపు శెనక్కాయ నూనె తిన్నోళ్ళకి ఏమన్నా అయితే ఎవరు జవాబుదారీ" అన్నాడు. ఆయన తప్పేం లేదు. పిల్లలు ఆ గింజలు తిని వాంతులతో ఆస్పత్రికి పోవడం మా వైపు జరిగేదే. గోతాలు మళ్ళీ ఇంటికి తెచ్చినాం. రానూ పోనూ ఆటో చార్జీ నాయన ఇచ్చేటప్పుడు నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు, అది నాకింకా గుర్తుంది. ఆ రాత్రి కరెంట్ పోతే అవ్వ గింజల పొట్టు తీసి పప్పులు ఈనెపుల్లకి గుచ్చి అంటించింది. నల్లగా పొగొచ్చింది గానీ బాగానే వెలిగింది, ఒక పప్పు అయిపోతానే కిందిది అంటుకునేది. ఇంధనం కాదని నేను ఎప్పుడూ అనను. నూనె ఉంది, మండుతుంది. లెక్కే కుదరలేదు.

ఎందుకు కుదరలేదో తర్వాత చదువుకుంటే అర్థమైంది. 2006 జనవరి నుంచి ఆయిల్ కంపెనీలు బయోడీజిల్ లీటర్ 25 రూపాయలకి కొంటాయని కేంద్రం రేటు పెట్టింది. లీటర్ నూనెకి మూడున్నర కిలోల గింజ కావాల, ఆరు రూపాయల లెక్కన గింజకే 21. ఇంక ఆడించేది, మిథనాల్ కలిపేది, లారీ బాడుగ ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకోపక్క బంకులో డీజిల్‌ని సర్కారే సబ్సిడీ మీద అమ్మించేది, 2014 అక్టోబర్ దాకా దాని రేటు మీద కంట్రోల్ ఎత్తేయలేదు. అంటే మట్టి నుంచి తీసే నూనెకి డబ్బులిచ్చి, చెట్టుకి కాసే నూనెని దాంతో పోటీ పడమన్నారు. కాబట్టి కార్బన్‌కి రేటు ఉండాల అనే మాటతో నాకు గొడవ లేదు, ఆ రేటు ఆ రోజు ఉండి ఉంటే మా గోతాలు కొనేవాడు ఎవరో ఒకడు ఉండేవాడేమో.

నా గొడవంతా ఆ డబ్బు ఎటు పోతుందని. మన దేశంలో కార్బన్ టాక్స్ లేదు అనుకుంటారు చాలామంది. 2010 బడ్జెట్‌లోనే బొగ్గు మీద టన్నుకి 50 రూపాయల సెస్ వేశారు, క్లీన్ ఎనర్జీకి ఖర్చు పెడతామని ఫండ్ కూడా పెట్టారు. అది 100 అయ్యి, 200 అయ్యి, 2016కి 400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక అదే 400ని, జీఎస్టీ వల్ల రాష్ట్రాలకి తగ్గే ఆదాయం పూడ్చే నష్టపరిహారం ఖాతాకి మళ్ళించేశారు. ఏడాదికి వంద కోట్ల టన్నుల బొగ్గు తవ్వే దేశంలో టన్నుకి 400 అంటే 40 వేల కోట్లు, అందులో రూపాయి కూడా గాలి బాగుచేయడానికి అని పక్కన పెట్టలేదు. 2025 సెప్టెంబర్‌లో ఆ సెస్ కూడా తీసేసి జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. టన్ను మీద కాకుండా ధర మీద పన్ను అంటే బూడిద ఎక్కువుండే చవక బొగ్గుకి లాభం, ఇదెక్కడి న్యాయమో నాకు తెలీదు.

అదే అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ చూడండి. గోండుల పల్లె. అక్కడ మహిళా సంఘాల వాళ్ళు కానుగ గింజలు ఆడించి నూనె తీశారు, దాంతో మిగిలే డీజిల్ లెక్కగట్టి, గాలిలోకి పోకుండా ఆగే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి వరల్డ్ బ్యాంక్ 2003 అక్టోబర్‌లో 645 డాలర్లు ఇచ్చింది, వాషింగ్టన్‌లో వాళ్ళ కాన్ఫరెన్స్‌కి విమానాల్లో వచ్చినోళ్ళ పొగకి బదులుగా. చిన్న మొత్తమే, మన రూపాయల్లో 29 వేలు. కానీ నేరుగా ఆ ఆడవాళ్ళ చేతికి వచ్చింది.

ఇథనాల్ సంగతి కూడా అడిగారు కాబట్టి, నా బండిలో పోసేదీ ఇప్పుడు ఇ20నే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇ20కి తయారు కాని బళ్ళకి మైలేజ్ తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ రిపోర్టే చెప్పింది, కార్లకి 6-7 శాతం, బైకులకి 3-4 శాతం. మరి లీటర్ రేటు అంత మేర తగ్గిందా? లేదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కితే వాళ్ళని అభివృద్ధికి అడ్డం అన్నోళ్ళు ఉన్నారు. పక్కన నీళ్ళు తాగేది వాళ్ళు, అడిగే హక్కు వాళ్ళదే.

ఇంక పెట్రోల్ ఒకరోజు టక్కున అయిపోదు. తీసే ఖర్చు పెరుగుతుంది, లేదంటే అంచనాలు తప్పుతాయి. మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో సముద్రం కింద ఉన్న డీ6 బ్లాకులో 2009లో గ్యాస్ మొదలైతే 2010కి రోజుకి 6 కోట్ల ఘనపు మీటర్లకి పైనే పోయింది, ఆ తర్వాత పడిపోతా పడిపోతా 2020 ఫిబ్రవరిలో ఆ మొదటి బావులు మూతపడ్డాయి. దాన్ని నమ్మి గోదావరి జిల్లాల్లో కట్టిన పవర్ ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి, వాటి అప్పులు ఎవరి నెత్తిన పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు.

మా జట్రోఫా 2011లో జేసీబీ పెట్టి పీకించినాం, గంటకింత అని బాడుగ కట్టి. పోయిన ఏడు ఒక పిల్లోడు ట్యాబ్ పట్టుకుని మళ్ళీ వచ్చినాడు, గట్ల మీద చెట్లు పెట్టండి, అవి పీల్చే కార్బన్‌కి లెక్కగట్టి ఇచ్చే కార్బన్ క్రెడిట్ డబ్బులొస్తాయి అని. నాయన అగ్రిమెంట్ నా చేత చదివించుకున్నాడు. నలభై ఏళ్ళు చెట్టు కొట్టకూడదని రాసుంది, టన్నుకి ఎంతిస్తారో, ఏ నెలలో ఇస్తారో లేదు. "ఆ రెండు ముక్కలు రాసి తీసుకురా నాయనా, సంతకం పెడతా" అని టీ ఇచ్చి పంపించినాడు. గట్ల మీద కానుగ మొక్కలు మాత్రం తనే పెట్టుకున్నాడు, పదహారు బతికినాయి, ఆకు మళ్ళలో తొక్కిస్తే ఎరువుకి పనికొస్తుందని.