బండి కంటే ముందు ప్లగ్గు చూసుకో బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసిండు. దేవరకొండలో నువ్వు ఎలక్ట్రిక్ స్కూటర్ చూస్తున్నావని, రంగు కూడా ఎంచుకున్నావని చెప్పిండు. చాలా సంతోషమైంది. ఫోన్‌లో అయితే మాటలు మధ్యలోనే తెగిపోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నా. అడ్వాన్స్ కట్టే ముందు ఇది మొత్తం చదువు.

ముందు ఒక విషయం సూటిగా చెప్తా. పైసలు మిగులుతాయని మాత్రం కొనకు. 2023 డిసెంబర్ నుంచి పల్లె వెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో మన ఆడవాళ్లకు టికెట్ లేదు. 2024 అక్టోబర్‌లో టీచర్‌గా అపాయింట్‌మెంట్ లెటర్ అందుకున్నప్పటి నుంచి నువ్వు బస్సులోనే పోతున్నావు. ఆ బస్సు తప్పితే ప్రేయర్‌కు అందవు, సాయంత్రం గంటన్నర రోడ్డు మీద నిలబడతావు. ఆ గంటన్నర కోసం కొను. పెట్రోల్ స్కూటర్‌తో పోల్చితే మాత్రం లాభం నిజమే. నీ స్కూలు 22 కిలోమీటర్లు, రానుపోను 44. నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది. పెట్రోల్‌కు రెండున్నర వేల దాకా అవుతుంది, కరెంటుకు రెండు మూడు వందలు.

ఐక్యూబ్ మంచిదా, చేతక్ మంచిదా, ఏథర్ మంచిదా అని అడిగావట. నేను అడిగేది వేరే. రాత్రి ఆ బండి ఎక్కడ పడుకుంటుంది? నువ్వుండేది మీద పోర్షన్‌లో. కింద గేటు పక్కన ఉన్న ప్లగ్గు ఓనరమ్మ మీటర్‌ది. నీ బండికి నెలకు దగ్గర దగ్గర 40 యూనిట్లు కావాలి. వాళ్లకు గృహజ్యోతి, అంటే సర్కారు ఉచిత కరెంటు పథకం, వస్తుందేమో కనుక్కో. 200 యూనిట్ల లోపు ఉంటే వాళ్లకు జీరో బిల్లు, దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలం కూలర్ తిరిగే రోజుల్లో నీ 40 యూనిట్లు చేరితే ఏమవుతుందో ఆలోచించు. "యూనిట్‌కు ఇంత ఇస్తా అమ్మా" అని ఓనరమ్మతో అన్నా ఆమెకు పోయిన జీరో బిల్లు తిరిగి రాదు. మాట కూడా చెడుతుంది. అందుకని నీ పోర్షన్ మీటర్ నుంచే కిందికి వేరే లైన్ లాగించుకో. ఆమెతో ముందే మాట్లాడి, ఒప్పుకున్న తర్వాతే షోరూమ్‌కు పో. నీ మీటర్‌లో కూడా 200 దాటితే స్లాబ్ మారి రేటు పెరుగుతుంది, పాత బిల్లులు తీసి చూసుకో.

లైన్ లాగించేటప్పుడు మంచి వైరు, 15 ఆంపియర్ల సాకెట్, విడిగా ఒక ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు, పెట్టించు. చార్జర్ లాగే కరెంటు నిజానికి ఇస్త్రీ పెట్టె కంటే తక్కువే. కానీ ఇస్త్రీ పెట్టె పది నిమిషాల్లో తీసేస్తాం, ఇది నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్ కొంచెం లూజుగా ఉన్నా వేడెక్కి నల్లబడుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దే వద్దు. ఎర్తింగ్ ఉందో లేదో తప్పకుండా చూపించు. మన దిక్కు పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ దాని వెనుక వైరు ఉండదు. ఎర్తింగ్ గుంత ఉంటే ఎండాకాలంలో నాలుగు చెంబులు నీళ్లు పోయాలి, భూమి ఎండితే అది పనిచేయదు.

ప్లగ్గు కుదరకపోతే బ్యాటరీ బయటికి తీసే బండి చూడు, విడా కంపెనీ స్కూటర్లలో అలా ఉంది. కానీ ఒక్కో బ్యాటరీ పది కిలోలకు పైనే, రోజూ మెట్లెక్కించాలి. ఇంకొకటి, ఏ బ్యాటరీనైనా నువ్వు పడుకునే గదిలో చార్జింగ్ పెట్టకు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయిండు. ఆ ఏడు దేశంలో చాలాచోట్ల బండ్లు కాలినయి. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షలు గట్టి చేసింది, 2023 మార్చి చివరి నుంచి రెండో దశ నిబంధనలు వచ్చినయి. ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి చవకగా చూపిస్తే, అది 2023 ఏప్రిల్ తర్వాత తయారైందా అని ఆర్‌సీ చూడు.

ఇప్పుడు నా సంగతి చెప్తా, ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు. 2020లో నేను కొన్న మొదటి బండి 25 కిలోమీటర్ల స్పీడ్‌ది. లైసెన్స్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు అంటే ఆశపడ్డా. 250 వాట్ల లోపు మోటారు, గంటకు 25 కిలోమీటర్లు దాటని బండికి అవి అక్కర్లేదన్నది నిజమే. దాంట్లో ఉన్నది సీసం బ్యాటరీ అని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 14 నెలల్లో 50 కిలోమీటర్లు పోయేది 20కి పడింది. ఒక బుధవారం టీకాల రోజు, ఏఎన్ఎం డ్యూటీ మీద కనగల్ దిక్కు పోతుంటే దారిలో ఆగింది. ముందు వ్యాక్సిన్ క్యారియర్ ఉంది, ఊళ్లో తల్లులు పిల్లలను ఎత్తుకుని కూర్చున్నారు. ఎండలో మూడు కిలోమీటర్లు తోసుకుంటూ పోయా. ఐస్ ప్యాకులు కరగకముందే చేరా కానీ, ఆ రోజు ఏడుపొచ్చింది. మర్నాడు కొన్న దుకాణానికి పోతే షట్టర్ దించి ఉంది, బోర్డు కూడా తీసేసిండ్రు. రెండో బండి 2022లో తీసుకున్నా. దాని మీద ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగా.

అందుకే చెప్తున్నా, కొనే ముందు సర్వీస్ షెడ్డు చూడు. సోమవారం పొద్దున పో. ఎన్ని బండ్లు దుమ్ము పట్టి నిలబడి ఉన్నయో లెక్కపెట్టు. బయట నిలబడ్డ వాళ్లను "ఎన్ని రోజులైంది, ఏ పార్ట్ రాలేదు" అని అడుగు. నా బండి కంట్రోలర్, అంటే మోటారుకు కరెంటు ఎంత పోవాలో చూసే పెట్టె, పోయినప్పుడు పార్ట్ రావడానికి 23 రోజులు పట్టింది, అన్ని రోజులూ ఆటోలే. దేవరకొండలో సర్వీస్ లేని బండి అయితే నల్గొండ దాకా తేవాలి. మధ్యలో కొండమల్లేపల్లి దగ్గర ఆగితే ఎవరు వచ్చి ఎత్తుకుపోతారు, దానికి ఎంత తీసుకుంటారు, కాగితం మీద రాయించుకో. నీకు దగ్గరలో మంచి సర్వీస్ ఏ కంపెనీకి ఉంటే అదే నీకు మంచి బండి. రంగు తర్వాత చూద్దాం.

రేంజ్ విషయంలో షోరూమ్ వాళ్లు చెప్పే ఐడీసీ లెక్క, అంటే ల్యాబ్ పరీక్షలో వచ్చిన కిలోమీటర్లు, నమ్ముకోకు. మన రోడ్ల మీద దాంట్లో డెబ్బై శాతం వస్తుంది. కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిటే. ఒక యూనిట్‌కు 30 కిలోమీటర్లు అనుకో. మూడు యూనిట్ల బ్యాటరీకి 90. నాలుగైదేళ్లకు అది 70కి దిగినా నీ 44కు ఢోకా ఉండదు. రెండు యూనిట్లదైతే కొత్తలో సరిపోతుంది, తర్వాత చందంపేట దిక్కు గుట్టలెక్కేటప్పుడు, వెనుక ఇంకో టీచరమ్మ కూర్చుంటే, మీటర్ చూసుకుంటూ టెన్షన్‌తో నడపాలి. ఐదు యూనిట్లది నీకు అక్కర్లేదు, దానికి పెట్టే పైసలు వారంటీ మీద పెట్టు. మామూలుగా బ్యాటరీకి మూడేళ్లు లేదా 50 వేల కిలోమీటర్లు ఇస్తారు. కొన్ని కంపెనీలు అదనంగా కడితే 8 ఏళ్లు లేదా 80 వేల దాకా ఇస్తున్నయి. వారంటీలో బ్యాటరీ ఎంత శాతానికి పడితే మారుస్తారో చదువు. కొత్త బ్యాటరీ అంటే బండి ధరలో దాదాపు సగం.

కొటేషన్ కూడా జాగ్రత్తగా చూడు. 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు. వేరే పేరుతో ఆ పైసలు కలిపారేమో లైన్ లైన్‌గా అడుగు. నీకు గేర్ లేని బండి లైసెన్స్ ఉంది కదా, అది చాలు. హెల్మెట్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

మన ఎండ సంగతి నీకు తెలుసు, మే నెలలో 45 దాటుతుంది. బ్యాటరీకి అంతకంటే పెద్ద శత్రువు లేదు. స్కూల్లో వేపచెట్టు కింద పెట్టు, రేకుల షెడ్డు కంటే చెట్టు నీడ మేలు. సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్గు పెట్టకు. వంట చేసుకో, తిను, బండి చల్లారినాక పెట్టు. నేను రోజూ ఎనభై, తొంభై శాతం దగ్గర తీసేస్తా, వారానికోసారి ఫుల్ చేస్తా. ఏప్రిల్ చివర స్కూలు మూసి ఇంటికి వచ్చేటప్పుడు ఫుల్ చేసి పెట్టకు, ఖాళీగానూ పెట్టకు. సగంలో ఉంచి, మధ్యలో ఒకటి రెండుసార్లు ఎవరితోనైనా చూపించు. నా తోటి ఏఎన్ఎం ఒకామె నెలన్నర జీరో మీద వదిలేస్తే బ్యాటరీ మళ్లీ లేవలేదు.

టైర్లు ట్యూబ్‌లెస్‌వే ఉండాలి. వెనుక చక్రంలోనే మోటారు ఉండే బండి అయితే ఊరి పంక్చర్ దుకాణం అతను చక్రం విప్పడానికి భయపడతాడు. ట్యూబ్‌లెస్ అయితే విప్పకుండానే వేస్తాడు. వాన పడ్డప్పుడు బండి తడిస్తే ఏం కాదు, కానీ కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే మాత్రం ఆగిపో. లీవ్ పెట్టు.

పిల్లల సంగతి మర్చిపోకు. ఈ బండికి చప్పుడు ఉండదు, ఆన్‌లో ఉందో లేదో తెలియదు. మా సెంటర్ దగ్గర నేను దిగి పిలిచిన వాళ్లతో మాట్లాడుతుంటే ఏడేళ్ల పిల్లగాడు హ్యాండిల్ తిప్పిండు. బండి పోయి గోడకు గుద్దుకుంది. వాడి మోచేయి గీసుకుపోయింది అంతే, కానీ నా చేతులు చాలాసేపు వణికినయి. స్కూల్లో నువ్వు దిగగానే నీ చుట్టూ పదిమంది మూగుతారు. ముందు ఆఫ్ చెయ్, తాళంచెవి బయటికి తీయ్, తర్వాత కాలు కింద పెట్టు. ఊళ్లలోంచి పోయేటప్పుడు మలుపు మలుపుకు హారన్ కొట్టు, బర్లకూ ముసలోళ్లకూ నీ బండి వినపడదు.

ఈ ఆదివారం నాకు డ్యూటీ లేదు. పొద్దుటి బస్సుకు దేవరకొండ వస్తా. మన ఎలక్ట్రీషియన్ తమ్ముణ్ని కూడా తీసుకొస్తా, ఎర్తింగ్ చూస్తాడు. అప్పటిదాకా ఓనరమ్మతో లైన్ మాట మాట్లాడి ఉంచు. అడ్వాన్స్ మాత్రం సోమవారం షెడ్డు చూసినాకే కడదాం.

మీ అత్తమ్మ
నల్గొండ