పాఠం చూసి కట్టిన ప్రాజెక్టు, చూడకుండా కట్టిన ప్రాజెక్టు

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరంలో ఉన్నాడు. వెబ్ అప్లికేషన్ల తయారీ నేర్చుకుంటానని గ్రంథాలయంలో దొరికిన ఫ్లెక్స్ పుస్తకంతో మొదలుపెట్టాడు. తర్వాత వీడియో పాఠాలు చూస్తూ చాలా ప్రాజెక్టులు పూర్తి చేశాడు. పాఠం ఎదురుగా లేకపోతే మాత్రం ఏమీ రాయలేకపోతున్నానంటున్నాడు. విజయవాడలో ఏదైనా శిక్షణ సంస్థలో చేర్పించమంటారా?

జవాబు: చేసినవి చాలా ఉన్నా తనకు రావడం లేదని మీ అబ్బాయే గుర్తించి మీకు చెప్పాడు కనుక, ఫీజు విషయం రెండు నెలలు ఆగి ఆలోచించవచ్చు.

ముందుగా ఆ పుస్తకం సంగతి. పేజీ మొత్తం మళ్లీ లోడ్ కానవసరం లేకుండా, కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకున్న సాఫ్ట్‌వేర్ మాదిరిగా బ్రౌజర్‌లోనే పనిచేసే వాటిని మాక్రోమీడియా సంస్థ 2002లో రిచ్ ఇంటర్నెట్ అప్లికేషన్లు అని పిలిచింది. ఫ్లెక్స్ అటువంటివి తయారుచేసే ఒక సాధనం. దానితో చేసినవి నడవడానికి బ్రౌజర్‌లో ఫ్లాష్ ప్లేయర్ అనే ప్లగిన్ (బ్రౌజర్‌కు అదనంగా చేర్చే సాఫ్ట్‌వేర్) ఉండాలి. ఆ ప్లేయర్‌కు దాని యజమాని అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో మద్దతు నిలిపివేసింది. అలాంటిదే అయిన మైక్రోసాఫ్ట్ ప్లగిన్ సిల్వర్‌లైట్ కథ 2021 అక్టోబర్‌లో ముగిసింది. ఇప్పుడు ఆ పనులను హెచ్‌టీఎమ్ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లు ఏ ప్లగిన్ సాయమూ లేకుండానే చేస్తున్నాయి కనుక ఆ పుస్తకాన్ని తిరిగి ఇచ్చేయమనండి. రియాక్ట్ వంటి రెడీమేడ్ జావాస్క్రిప్ట్ లైబ్రరీలు నేర్చుకోవద్దని అనను, కాని ఉత్త జావాస్క్రిప్ట్‌తో ఒక్క అప్లికేషనైనా సొంతంగా నిలబెట్టాకే వాటి జోలికి వెళ్లడం మంచిది.

ఇక అసలు ఇబ్బంది. ప్రాజెక్టు చేయిస్తూ నేర్పే పాఠాలు చెడ్డవి కావు. నేను వాటినే సిఫారసు చేస్తాను. అయితే ఏ సమాచారాన్ని ఎక్కడ దాచాలి, పనిని ఎన్ని ఫంక్షన్లుగా విడగొట్టాలి, తప్పు ఎదురైతే ఏం చేయాలి అన్న నిర్ణయాలన్నీ పాఠం చెప్పేవారే ముందుగా తీసేసుకుని ఉంటారు, చూస్తున్న విద్యార్థికి టైప్ చేయడమే మిగులుతుంది. అందుచేత ఒక పాఠం పూర్తయిన మర్నాడు వీడియో తెరవకుండా ఖాళీ ఫైలుతో అదే ప్రాజెక్టును మళ్లీ మొదలుపెట్టాలి. ఆగిపోయిన చోట ఆ ఒక్క భాగాన్నే చూసుకుని, వెంటనే మూసేయాలి. అది పనిచేశాక, పాఠంలోని కోడ్ సరిపోని కొత్త అవసరం ఒకటి పెట్టుకోవాలి. నేర్చుకోవడం మొదలయ్యేది నిజానికి ఇక్కడే.

ఆ అవసరం మీ దుకాణంలోనే ఉంది. ఒక రైతు తెచ్చిన తేజ రకం మిర్చి టిక్కీల (బస్తాల) బరువులు ఒక్కొక్కటిగా నమోదు చేసి, క్వింటాల్ ధరతో లెక్కకట్టి, ఖర్చులు మినహాయించి పట్టీ (రైతుకిచ్చే లెక్కల చీటీ) చూపించే అప్లికేషన్ చేయమనండి. చేసేపనిలో వాడికి ఏ పాఠమూ ఆగి చెప్పని చిక్కులు వరుసగా ఎదురవుతాయి. పెట్టెల్లో టైప్ చేసిన 45, 52 అక్షరాలుగానే అందుతాయి కనుక సంఖ్యలుగా మార్చకుండా కూడితే 97 రాదు, 4552 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు కాబట్టి డబ్బును రూపాయల దశాంశాల్లో కాకుండా పైసల్లో పూర్ణాంకాలుగా దాచుకోవలసి వస్తుంది. ఇంగ్లిష్ పేర్లను మనసులో పెట్టుకుని పేరు పెట్టెకు పది అక్షరాల పరిమితి పెడితే తెలుగు పేర్లు మధ్యలో తెగిపోతాయి. మనకు రెండక్షరాలుగా కనిపించే ‘శ్రీను’, ఒత్తులు, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కపెట్టే జావాస్క్రిప్ట్ లెక్కలో ఆరు. బరువులు నమోదు చేస్తుండగా ఇంటర్నెట్ పోయినా అప్లికేషన్ తెరుచుకోవాలంటే బ్రౌజర్ వెనుక నడిచే సర్వీస్ వర్కర్ అనే స్క్రిప్ట్ సంగతి, నమోదు చేసినవి చెరిగిపోకూడదంటే బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్ సంగతి తెలుసుకోక తప్పదు. ఇంటర్వ్యూలో వీటిలో ఏ ఒక్కటి గురించి అడిగినా వాడు అరగంట మాట్లాడగలడు. వాతావరణం చూపించే ప్రాజెక్టు గురించి మాట్లాడటానికి ఏముంటుంది, అది ప్రతి రెజ్యూమేలోనూ ఉండేదే.

మీరు చేయవలసింది కూడా కొంత ఉంది. లెక్క ఎలా కడతారో వాడికి చెప్పేది మీరే. పాత పట్టీలు కొన్ని తీసి, రైతుల పేర్లు మార్చి, అప్లికేషన్ చూపిన మొత్తాలతో సరిపోల్చండి. తేడా వస్తే ఎక్కడ వచ్చిందో వాడినే వెతకనివ్వండి. మార్పులను ఏ రోజుకారోజు గిట్‌లో (కోడ్‌లోని మార్పుల చరిత్రను దాచే సాధనంలో) భద్రపరచమనండి, పని ఎలా పెరిగిందో ఉద్యోగమిచ్చేవారు చూడగలుగుతారు.

ఇదంతా చేసినా ముందుకు కదలకపోతే సంస్థలో చేర్పించండి. విజయవాడ రోజూ వెళ్లి రాదగిన దూరమే కనుక, డబ్బు కట్టే ముందు ఒకసారి వెళ్లి అదే బ్యాచ్‌లోని ఇద్దరు విద్యార్థుల ప్రాజెక్టులు పక్కపక్కన పెట్టి చూపించమని అడగండి. రెండూ బటన్ల రంగులతో సహా ఒకేలా ఉంటే, మీ అబ్బాయి ఇంట్లో ఉచితంగా చేస్తున్నదే అక్కడ ఫీజు తీసుకుని చేయిస్తున్నారు.