ఆయన ప్లాన్‌లో మీ ఆకలికి చోటేది?

ప్రశ్న: మాకు పెళ్ళై నాలుగేళ్ళు. షికాగో శివారులో ఉంటాం, ఇద్దరికీ ఉద్యోగాలు. మావారికి తిండంటే ప్రాణం. ఎం.ఎస్. చదివేటప్పుడు రెండేళ్ళు డబ్బుల్లేక నూడుల్స్‌తో గడిపానని, ఇప్పుడు ఏ ఊరెళ్ళినా అక్కడి ప్రత్యేకమైనది తినకుండా రానని అంటారు. నేను పుట్టుకతో శాకాహారిని. కేకుల్లో గుడ్డు పట్టించుకోను, విడిగా తినను. ఆయన నాన్‌వెజ్ తింటారని పెళ్ళికి ముందే తెలుసు, అప్పుడూ ఇప్పుడూ నాకు అభ్యంతరం లేదు. ఈ జూలైలో మిషిగన్ సరస్సు చుట్టూ కారులో ఎనిమిది రోజుల ట్రిప్ వేశారు. మిల్వాకీ, డోర్ కౌంటీ, మాకినా, ట్రావర్స్ సిటీ... ఎక్సెల్ షీట్‌లో పూటపూటకీ ఎక్కడ ఏం తినాలో రాశారు. అందులో నేను తినేవి ఐస్‌క్రీమూ ఫడ్జూ. పోయినేడాది ట్రిప్‌లో సలాడ్ మీది బేకన్ ముక్కలు ఫోర్క్‌తో ఏరి పక్కన పెట్టుకుంటుంటే ఆయన తన ప్లేటు ఫొటో తీసుకుంటున్నారు. మూడో రోజు ఏడ్చేశాను. "కొంచెం అడ్జస్ట్ అవ్వొచ్చు కదా, మూడ్ అంతా పాడుచేశావ్" అన్నారు. తర్వాత స్నేహితుల ఇంట్లో అందరి ముందూ "ఈవిడతో ఎక్కడికెళ్ళినా పులిహోర డబ్బానే" అని నవ్వారు. నాకు నీళ్ళ ఒడ్డున కాసేపు కూర్చోవాలని ఉంటుంది, ఆయనకేమో రిజర్వేషన్ టైమ్ దాటిపోతుందని టెన్షన్. ఈసారి ఫ్రెండ్స్‌తో వెళ్ళండి, నేను రానని చెప్తే తప్పా? "సరదాపడి తీసుకెళ్తానంటే రానంటావా" అని అమ్మ కోప్పడుతోంది.

జవాబు: తప్పు కాదమ్మా. ఎనిమిది రోజులు అర్ధాకలితో కారులో తిరగడానికి ఒప్పుకోవాలని ఏ పెళ్ళిలోనూ రాసి లేదు. అమ్మగారి కోపాన్ని కాస్త పక్కన పెట్టండి, ఆవిడకు మీ కాపురం గురించిన బెంగే తప్ప ఆ ఎక్సెల్ షీట్‌లో ఏముందో తెలియదు.

కానీ మీ ఉత్తరం చదివితే నాకు ఇంకొకటి కనిపించింది. మీకు వెళ్ళాలని ఉంది. నీళ్ళ ఒడ్డున కూర్చోవాలని రాసిన మనిషికి ఆ సరస్సు మీద ఆశ లేకుండా ఉంటుందా? అందుకని "నేను రాను" అనే ముందు "ఈ ప్లాన్‌తో రాను" అనండి. మొదటి మాటతో ఆయన ఫ్రెండ్స్‌కి ఫోన్ చేసుకుంటారు, రెండో మాటతో మీ ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సి వస్తుంది.

ముందుగా ఆ పులిహోర డబ్బా మాట. దాన్ని ట్రిప్ గొడవతో కలిపేయకండి, అది వేరే లెక్క. మీకు తినడానికి దొరకకపోవడం ఒక ఇబ్బంది, దాన్ని మిడ్‌వెస్ట్ హోటళ్ళ మీద కూడా కొంత తోసేయొచ్చు. నలుగురి ముందు మిమ్మల్ని నవ్వులపాలు చేయడం మాత్రం ఆయన చేసిన పని. చాలామంది మగవాళ్ళు దీన్ని సరదా అనుకుంటారు, ఇంటికొచ్చాక భార్య మొహం మాడ్చుకుంటే "జోక్ చేశానంతే" అంటారు, అక్కడితో అయిపోయిందనుకుంటారు. అవ్వదు. మీకింకా ఆ మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుందంటే అవ్వలేదనే కదా. ట్రిప్ ఊసు ఎత్తని ఒక రోజున, టీ తాగుతూనో నడుస్తూనో, సూటిగా చెప్పండి: "ఆ రోజు అందరి ముందూ మీరలా అన్నప్పుడు నాకు తలకొట్టేసినట్టయింది, ఇంకెప్పుడూ నా తిండి గురించి బయట నవ్వకండి." అంతే. పాత లిస్టు తీయకండి, మీ అమ్మ ఇలా మా అమ్మ అలా అని వెళ్ళకండి. ఆయన జోకే కదా అంటే, "నాకు జోక్‌లా అనిపించలేదు" అని ఊరుకోండి. సారీ అప్పటికప్పుడే రాకపోయినా మాట ఆయన చెవిన పడితే చాలు.

ఇప్పుడు మీ వైపు. మూడో రోజు ఏడ్చేశానని రాశారు, మొదటి రెండు రోజులూ ఏమన్నారో రాయలేదు. నేను ఊహించగలను. "ఇక్కడ నీకేమైనా దొరుకుతుందా?" అని ఆయన అడిగితే "పర్లేదు, ఫ్రైస్ తింటాలే" అని ఉంటారు. ఆయన దాన్ని నిజంగా పర్లేదనే అనుకుని మెనూలోకి తల దూర్చి ఉంటారు. ఇలా ఆరు పూటలు పర్లేదు, ఏడో పూట కన్నీళ్ళు. మనల్ని పెంచిన తీరు అలాంటిది, ఆడపిల్ల నోరు తెరిచి ఆకలేస్తోందంటే సిగ్గుచేటన్నట్టు పెంచారు. కానీ ఆయనకు ఆ ఆరు పూటలూ కనపడలేదు, ఏడోదే కనపడింది. అందుకే "మూడ్ పాడుచేశావ్" అన్న పనికిమాలిన మాట వచ్చింది. ఆ మాటను నేను సమర్థించడం లేదు, అది ఎలా వచ్చిందో చెప్తున్నాను. ఈసారి కారెక్కినప్పటి నుంచీ పర్లేదు అన్న మాట మానేయండి. "నాకు ఒంటిగంటకల్లా అన్నమో రొట్టో కడుపు నిండా ఏదో ఒకటి కావాలి, ఫ్రైస్‌తో నాకు సరిపోదు" అని ఉదయమే చెప్పండి. కడుపు కాలాక చెప్పే మాట ఎంత న్యాయమైనదైనా అరుపులాగే వినిపిస్తుంది.

ఆయన గురించి కూడా ఒక్కటి చెప్పాలి. రెండేళ్ళు నూడుల్స్ తిని చదువుకున్నవాడికి రెస్టారెంట్‌లో కూర్చుని నచ్చింది ఆర్డర్ చేయడం జిహ్వచాపల్యం ఒక్కటే కాదమ్మా, ఆ రోజులు గడిచిపోయాయని తనకు తాను నచ్చజెప్పుకోవడం కూడా. పైగా ఎదురుగా కూర్చున్న మనిషి తినకపోతే ఎంత మంచి వంటకమైనా సగం రుచే. మీరు తినకపోవడం ఆయనకు లోపల ఎక్కడో "నా ఆనందం ఈమెకు పట్టదు" అన్నట్టు తగులుతోందని నా అనుమానం. అడగండి ఒకసారి. అలాగని మీ తిండి మార్చుకోమని నేను చచ్చినా చెప్పను. ఆయన తినేది మీరు తినకుండానే ఆ పూట ఆయనతో కలిసి గడపొచ్చు, దానికి దారులున్నాయి.

ఉదాహరణకు డోర్ కౌంటీ ఫిష్ బాయిల్. ఆరుబయట కట్టెల మంట మీద పెద్ద కాగు పెడతారు, ఉప్పునీళ్ళలో ముందు బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ, తర్వాత సరస్సులో దొరికే వైట్‌ఫిష్ ముక్కలు వేస్తారు. చివర్లో మంట మీద కిరోసిన్ విసురుతారు, ఒక్కసారిగా నిప్పు మనిషెత్తు లేచి కాగు పొంగి, పైన తేలిన నూనె, నురగ అంతా పక్కలకు కారిపోతుంది. అది చూడ్డానికే జనం ముందొచ్చి నిలబడతారు. ఆ మంట చూడ్డానికి మీరు చేప తినక్కర్లేదు. ఆయన పక్కన నిలబడి చూడండి, వీడియో మీరే తీయండి. కానీ అందులోని బంగాళాదుంపలు శాకాహారమని మీకు వడ్డిస్తే ఒప్పుకోకండి, అవి చేపతో కలిసి ఉడికినవి. మీ భోజనం ఏమిటో రిజర్వేషన్ రోజే ఆయన ఫోన్ చేసి కనుక్కోవాలి. మీరు కాదు, ఆయన. ఈ ఒక్క పని ఆయన చేతిలో పెట్టండి, ఎందుకంటే ఇన్నాళ్ళూ మీ ప్లేటు మీ తలనొప్పిగానే ఉండిపోయింది.

ఆ దారిలో శాకాహారికి చిక్కులు కొన్ని నాకు తెలిసినంతవరకు చెప్తాను. చాలా సూపుల్లో చికెన్ స్టాక్ ఉంటుంది, బీన్స్‌లో పంది మాంసం తగలొచ్చు, ఫ్రైస్ చాలాచోట్ల చేపలు వేయించిన నూనెలోనే వేస్తారు, పై (pie) అనే తీపి వంటకం పిండిపొరలో పంది కొవ్వు వాడేవాళ్ళు ఇంకా ఉన్నారు. మిల్వాకీ, డోర్ కౌంటీ ఉన్న విస్కాన్సిన్ రాష్ట్రపు చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వేసినవీ ఉంటాయి, వేయనివీ ఉంటాయి, మీకు పట్టింపు ఉంటే అడగండి. మిల్వాకీ ఫ్రోజెన్ కస్టర్డ్ మామూలు ఐస్‌క్రీమ్ కాదు. కస్టర్డ్ అని అమ్మాలంటే కనీసం 1.4 శాతం గుడ్డు పచ్చసొన ఘనపదార్థం ఉండాలని అమెరికా నిబంధన. కేకులో గుడ్డు పట్టించుకోనన్నారు కాబట్టి తింటారేమో, కానీ తెలిసి తినండి. ఉత్తర మిషిగన్‌లో పేస్టీ అని మన కజ్జికాయ ఆకారంలో చేతికి నిండుగా ఉండేది అమ్ముతారు, 19వ శతాబ్దంలో ఇంగ్లాండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని కార్మికులు తెచ్చిన తిండి అది. అసలుది బీఫ్‌తో చేస్తారు, కూరగాయలవి కూడా కొన్ని దుకాణాల్లో దొరుకుతాయి. పిండిలో కొవ్వు ఏం వేశారో అడిగి కొనుక్కోండి. అప్పుడు ఇద్దరూ ఒకే దుకాణం మెట్ల మీద కూర్చుని ఎవరిది వాళ్ళు తినొచ్చు.

ఇక ఆ షీట్‌లో రాయని చోటే గొడవ జరిగేది. డోర్ కౌంటీ నుంచి మాకినా వంతెన దాకా గ్రీన్ బే మీదుగా సుమారు అయిదారు గంటల డ్రైవ్. ఎస్కనాబా అనే ఊరు దాటాక యు.ఎస్. 2 రోడ్డు మీద ఒక పక్క అడవి, ఇంకో పక్క సరస్సు, దారి అద్భుతంగా ఉంటుంది, తినడానికి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు. దానికి తోడు మెనోమినీ కౌంటీ దాటి ఎస్కనాబా వైపు రాగానే గడియారం గంట ముందుకు జరుగుతుంది, విస్కాన్సిన్ సెంట్రల్ టైమ్‌లో ఉంటే అక్కడి నుంచి ఈస్టర్న్ టైమ్. మీరు ఏడింటికి చేరామనుకుంటారు, అక్కడ ఎనిమిది. చిన్న ఊళ్ళలో వంటిల్లు తొందరగా మూసేస్తారు. ఆయనకైతే ఏ గ్యాస్ స్టేషన్‌లోనో హాట్‌డాగ్ దొరుకుతుంది, మీకు చిప్స్ ప్యాకెట్. పోయినేడాది మూడో రోజులాంటిది మళ్ళీ రావాలంటే సరిగ్గా అక్కడే వస్తుంది. కాబట్టి ఆ రోజుకు పులిహోర కలపండి, తలెత్తుకుని కలపండి. నిమ్మకాయదో చింతపండుదో పొద్దున చేస్తే సాయంత్రానికి ఇంకా బాగుంటుంది. ఇద్దరికీ సరిపడా పెట్టుకోండి, ఆ రోడ్డు మీద ఆయన కూడా చెయ్యి చాపుతారు. బస కూడా రెండు మూడు చోట్లయినా చిన్న వంటగది ఉన్న కాటేజీ తీసుకోండి, సరస్సు ఒడ్డు ఊళ్ళలో అలాంటివి చాలానే ఉంటాయి. మామూలు మోటెల్ గదిలో కుక్కర్ పెడితే పొగ అలారం మోగి అందరి నిద్రా పాడవుతుంది, నిబంధనలు కూడా ఒప్పుకోవు.

రోజుల సంగతి. ఎనిమిది రోజుల్లో పూటకొకటి లెక్కన ఆయనవే ఉంటే అది ఆయన ట్రిప్, మీరు పక్క సీటు. రెండు పూర్తి రోజులు మీవి అని అడగండి. నన్నడిగితే ఒకటి మాకినా ద్వీపంలో తీసుకోండి. అక్కడ 1898 నుంచి కార్లు నిషేధం, ఫెర్రీ దిగాక గుర్రబ్బండ్లూ సైకిళ్ళే, ద్వీపం చుట్టూ నీళ్ళను ఆనుకుని సుమారు 8 మైళ్ళ రోడ్డు ఉంది. సైకిల్ అద్దెకు తీసుకుని ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ దిగి కూర్చోండి, ఎంతసేపైనా. ఆ రోజు రిజర్వేషన్లు ఉండకూడదు. ఫడ్జ్ సాయంత్రం ఫెర్రీ ఎక్కే ముందు కొనుక్కోవచ్చు, అది ఎక్కడికీ పోదు. రెండోది ట్రావర్స్ సిటీ వైపు. జూలై అంటే చెర్రీల కాలం, అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో అత్యధిక భాగం మిషిగన్‌వే, రోడ్డు పక్కన తోటల వాళ్ళు బల్లలేసి అమ్ముతారు. అక్కడ మీ ఇద్దరిలో ఎవరూ అడ్జస్ట్ అవ్వక్కర్లేదు. దగ్గర్లోనే స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బలు, అక్కడి నుంచి చూస్తే అవతలి ఒడ్డు కనపడదు, సముద్రమే అనుకుంటారు.

మిగతా ఆరు రోజుల్లో ఆయన తినేవి ఆయన తిననివ్వండి. మొహం ముడుచుకోకుండా, గడియారం చూడకుండా. ఒకవేళ ఏ పూటైనా ఆయన వెళ్ళాలనుకున్నచోట మీకు నిజంగా ఏమీ లేకపోతే, ఆయన అక్కడ తింటారు, మీరు పక్కన ఇంకోచోట తిని గంట తర్వాత కలుస్తారు. దీనికి మన జంటలు ఎందుకో తెగ బాధపడతారు, విడివిడిగా తింటే ఏదో అయిపోయినట్టు. ఒకరు తింటూ ఒకరు బేకన్ ఏరుకుంటూ ఎదురెదురుగా కూర్చోవడం కన్నా ఇది నయం.

ఇన్ని చెప్పాక కూడా "ఇన్ని కండిషన్లా, వదిలెయ్" అంటే? అప్పుడు నిజంగానే వదిలేయండి. "సరే, ఈసారి మీరు ఫ్రెండ్స్‌తో వెళ్ళిరండి" అని శాంతంగా చెప్పండి. ఎత్తిపొడుపు వద్దు, ఆ ఎనిమిది రోజులూ ఫోన్ ఎత్తకుండా శిక్షించడం వద్దు. మీరు మీ సెలవు వేరేగా వాడుకోండి. కానీ తిరిగొచ్చాక మాట్లాడాల్సింది తిండి గురించి అయ్యుండదు. నీ ఇబ్బంది నాకు పట్టదని తీరిగ్గా చెప్పిన మనిషితో ఇంట్లో డబ్బు దగ్గర, పిల్లల దగ్గర, మీ వాళ్ళ రాకపోకల దగ్గర కూడా ఇలాగే జరుగుతోందా అని మీరు చూసుకోవాలి. జరుగుతుంటే ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం మంచిది, ఆయన రానంటే ముందు మీరొక్కరైనా వెళ్ళండి.

ఇంకొక్క మాట. ఈ జవాబు తీసుకెళ్ళి "చూడండి, ఆవిడ కూడా మీదే తప్పంది" అని ఆయనకు చూపించకండి. నేను ఆ మాట అనలేదు. ఈ వారంలో ఒక సాయంత్రం ఆ షీట్ తెరవమని ఆయన్నే అడగండి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, మీ రెండు రోజులూ మీ చేత్తో టైప్ చేయండి, ప్రతి పూట దగ్గరా మీ భోజనానికి ఇంకో గడి పెట్టించండి. ఖాళీగా మిగిలిన గడులు ఎన్నో ఆయన కళ్ళతో ఆయన చూడాలి.