నది పక్కన టెంట్ నీళ్లకు ఎంత దూరంలో వేసుకోవాలి?

జనం పెద్దగా రాని నది పక్క పార్కులో మొదటిసారి టెంట్ వేసుకుని రెండు రాత్రులు ఉంటామని, నీళ్లకు ఎంత దగ్గరగా వేస్తే బాగుంటుందని అడిగారు. పగలు ఒడ్డు వెంట నడవడానికి ఏం చూసుకోవాలని కూడా అడిగారు.

నేను ఏళ్ల తరబడి ఇలాంటి చోట్లకే వెళ్తున్నాను. నది ఒడ్డంటే నాకు ప్రాణం. అయినా సరే, టెంట్ మాత్రం నీళ్లకు కనీసం 60 మీటర్ల దూరంలో, కాస్త మిట్ట చూసి వేస్తాను. 60 మీటర్లంటే పెద్దవాళ్లకు ఓ 80 అంగలు. ఒడ్డున కూర్చోవడానికి ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, పడుకోవడం మాత్రం పైన.

మొదటి కారణం చలి. పొద్దు గూకాక నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. అది వాలు వెంట కిందికి జారి నది పల్లంలో చేరుతుంది. దానికి నీటి తేమ తోడవుతుంది. తెల్లవారుజామున టెంట్ లోపలి గుడ్డంతా చెమర్చి, చుక్కలు స్లీపింగ్ బ్యాగ్ మీద పడుతుంటాయి. టెంట్ కారుతోందని చాలామంది కంగారు పడతారు గానీ, అందులో మన ఊపిరి తేమ కూడా ఉంటుంది. అందుకే ఎంత చలేసినా గాలి వచ్చే కిటికీలు పూర్తిగా మూయను. నాలుగైదు మీటర్లు ఎత్తున్న మిట్ట మీద పడుకున్న రాత్రికీ, ఇసుకలో పడుకున్న రాత్రికీ తేడా ఒంటికే తెలుస్తుంది. వెచ్చదనం కోసం స్టవ్ మాత్రం లోపల వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

రెండోది, నాకు ఇంకా ముఖ్యమైనది, నీళ్లు పెరగడం. మీ నెత్తిన ఒక్క చుక్క పడకపోయినా ఎగువన గట్టి వాన పడితే చాలు. టెంట్ విప్పే ముందు చుట్టూ పొదలు చూడండి. ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ ముక్కలు కొమ్మలకు చిక్కుకుని ఉంటే, నీళ్లు ఎప్పుడో అంత ఎత్తుకు వచ్చాయన్నమాట. ఆ గుర్తుకు పైనే ఉండాలి. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకోబోయే ముందు వెళ్లి చూడటం నాకు అలవాటు. తేటగా ఉన్న నీళ్లు బురద రంగుకు మారినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా ఆలోచించకుండా పైకి వెళ్లిపోవాలి. సామాను తర్వాత చూసుకోవచ్చు.

టెంట్ పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో కూడా చూసుకోండి. ఒడ్డుకు దిగే సన్నని బాట కనిపిస్తే దాన్ని వదిలేయండి, రాత్రి జంతువులు నీళ్లకు వచ్చే దారి అదే కావచ్చు.

ఇక నడక. ఒడ్డు వెంట దారి చదునుగా ఉంటుందనుకుంటాం గానీ పిల్లవాగులు కలిసేచోటల్లా దిగి ఎక్కాలి. లెక్క వేసుకోవడానికి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు నైస్మిత్ చెప్పిన పద్ధతి ఇప్పటికీ బాగా పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క, నేనైతే దానికి సగం కలుపుకుంటాను. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దమనిషిని పడగొట్టగలవు. దాటక తప్పకపోతే బ్యాగ్ నడుం పట్టీ, ఛాతీ పట్టీ విప్పేయండి, పడితే బ్యాగ్ వదిలించుకోవచ్చు. పొద్దున తేలిగ్గా దాటిన వాగు సాయంత్రానికి అలాగే ఉంటుందని నమ్మకండి.

తాగే నీళ్లు తేరనిచ్చి, గుడ్డలో వడకట్టి, ఒక నిమిషం తెర్లనివ్వాలి. 2,000 మీటర్లు దాటిన ఎత్తులో మూడు నిమిషాలు. మలవిసర్జనకు నీళ్లకు 60 మీటర్ల అవతల 15-20 సెంటీమీటర్ల గుంత తవ్వి పూడ్చేయండి. సబ్బు ఏ రకమైనా నదిలో కలపొద్దు, దయచేసి. ఆ నీళ్లే కింద ఇంకెవరో తాగుతారు.

బయల్దేరే ముందు పార్కువాళ్లకు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: ఎగువన డ్యామ్ ఉంటే నీళ్లు ఎప్పుడు వదులుతారు, వదిలేముందు సైరన్ మోగుతుందా. పొద్దు గూకడానికి రెండు గంటల ముందే చేరుకోండి. నది కొండల మధ్య ఉంటే ఇంకా ముందే, అక్కడ ఎండ త్వరగా పోతుంది.